బంతిలో ఇరుక్కున్న లగ్నపత్రిక

అమలాపురం,
జూన్ నెల.

చిరంజీవి సూర్యకుమారికి మీ బావ గంగబాబు దీవించి రాయునది.

ఇందుమూలంగా అమలాపురం, రాజోలు, కొత్తపేట, పి.గన్నవరం ప్రజలకూ, ఆయా ఊళ్ల కాకులకూ, కుక్కలకూ, కొబ్బరిచెట్లెక్కే ఉడతలకూ తెలియజేయడమేమనగా: మన కొబ్బరి రైతుల సంఘం వారు తమ నాలుగు ఆఫీసుల్లో ఉన్న నాలుగు ప్రింటర్లనూ ఒకే తాడున కట్టేసేరు. ఇకమీదట అమలాపురంలో మీట నొక్కితే రాజోలులో కాగితం రాలుతుంది. రాజోలు మిషను తుమ్మినా, దగ్గినా, కాగితం నమిలినా, నల్లపొడి కక్కినా బాధ్యత వహించుటకు గాను, నిన్నమొన్నటిదాకా తూకం చీటీలు టైపు చేసుకుంటున్న సూర్యకుమారి గారిని నెట్‌వర్క్ ప్రింటర్ల పర్యవేక్షణాధికారిణిగా మూడు నెలల పరీక్ష మీద నియమించడమైనది. ఈ లోపు ఆ విద్యలో మాటలన్నీ నేర్చుకుంటే ఉద్యోగం ఖాయం. నేర్చుకోకపోతే మళ్లీ చీటీలే. దండోరా సమాప్తం.

ఫోను చేయొచ్చుగా అంటావు. చేస్తే మీ అక్క బేబి లాక్కుని నీతో వంకాయ దగ్గర్నుంచి వియ్యపురాలి దాకా మాట్లాడి, ఛార్జింగు అయిపోయాక నాకిస్తుంది. అందుకని నేను పనిచేసే ఈ అమలాపురం ఆఫీసు నుంచే నీ మిషనుకి ఉత్తరం కొడుతున్నాను. ఎవరైనా అడిగితే టెస్ట్ పేజీ అని చెప్పు. తాడు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి కొట్టే కాగితాన్ని అలాగే అంటారు. అబద్ధం కూడా కాదు.

పదో తరగతి గుమ్మం తొక్కి వెనక్కొచ్చినవాడు మనకేం చెప్తాడులే అనుకోకు. రాజమండ్రి నుంచి మిషన్లు బిగించడానికొచ్చిన ఇంజనీరు గారికి వారం రోజులు పూతరేకులూ టీలూ అందించి ఈ విద్య లాగేను.

మొదటి పాఠం. ప్రతి ప్రింటరుకీ ఓ చిరునామా ఉంటుంది. ఐపీ అడ్రసు అంటారు. చుక్కలు పెట్టిన అంకెలు. అది లేకపోతే కాగితం ఎవరింటికెళ్లాలో తెలియక తిరుగుతుంది. కొన్ని మిషన్లకి ఆ నంబరు లాడ్జిలో గది లాంటిది, ఇవాళ ఒకటి, రేపొకటి. మన మిషనుకి అలా కుదరదు, సొంతింటి డోరు నంబరులా కదలకూడదు. దాన్ని స్టాటిక్ అంటారు. నీ మిషను నంబరు దాని నెత్తి మీద చీటీ రాసి అంటించు. వల్లె వేసుకో.

మీ బావ,
గంగబాబు

*

రాజోలు,
జూన్ నెల.

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

మీ దండోరా నాకు రాలేదండి. పి.గన్నవరంలో దిగింది. అక్కడి మేనేజరు రామ్మూర్తి గారు మొత్తం చదివి, నాకు ఫోను చేసి, "అమ్మా, పెద్ద ఉద్యోగమే వచ్చిందంట కదా, స్వీట్లెప్పుడండీ" అన్నారు. ఉడతల మాట కూడా ఆయనే చదివి వినిపించేరు. తర్వాత వ్యానులో ఆ కాగితం పంపించేరు. టీచరు గారే మొదటి పాఠంలో చిరునామా తప్పితే విద్యార్థిని గతేంటండీ?

నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఈ కబురు నాకెంత అవసరమో మీకు తెలుసు. మా అమ్మాయి అక్షయ నాన్న పోయాక దాన్ని మా అత్తగారి దగ్గర వదిలి మస్కట్ వెళ్లేను. తిరిగొచ్చేసరికి అది నా భుజం దాకా ఎదిగింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. నన్ను "మీరు" అంటుంది. "మీరు తింటారా, మీరు పడుకుంటారా" అని. ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు. మన ప్రాంతం మర్యాద నాకూ తెలుసు గానీ, కన్నతల్లికి ఇంత మర్యాద ఎక్కడా వినలేదండి.

మస్కట్ నుంచి మా పాత మేడమ్ గారు మళ్లీ వీసా తీస్తామంటున్నారు. ఏజెంటు మాట చెప్పమని తొందరపెడుతున్నాడు. చీటీల పని కొబ్బరి సీజను దాకానే అన్నారు కాబట్టి వెళ్లక తప్పదనుకున్నాను. ఇప్పుడు ఈ ఉద్యోగం నిలబడితే వెళ్లక్కర్లేదు. అందుకే అడుగుతున్నాను, మాటలన్నీ నేర్పండి. స్పూలరు అంటే ఏమిటి? క్యూ అంటే ఏమిటి? డ్రైవరు లేదని మిషను ఎందుకు అలుగుతుంది?

సూర్యకుమారి

*

అమలాపురం,
జూలై నెల.

చిరంజీవి సూర్యకుమారికి,

ఉత్తరం పి.గన్నవరం వెళ్లడం నా తప్పు కాదు, డిఫాల్టు తప్పు. ఏ ప్రింటరుకి వెళ్లాలో మనం చెప్పకపోతే కంప్యూటరు తనకిష్టమైనదానికి పంపిస్తుంది. పిలవకపోయినా పందిట్లో ముందు కుర్చీలో కూర్చునే పెద్దల్లుడిలాంటిదన్నమాట డిఫాల్టు ప్రింటరంటే. నా కంప్యూటరుకి పి.గన్నవరం పెద్దల్లుడని నాకు తెలియదు. దింపేసేను. రామ్మూర్తి గారు ఆ కాగితం ఇంకెవరికైనా చూపించేరా? కనుక్కుని చెప్పు.

ఇప్పుడు పాఠం. రాజోలు ఆఫీసులో ఎవరు ప్రింటు కొట్టినా అది తిన్నగా మిషనుకి వెళ్లదు. ముందు నీ బల్ల మీదున్న కంప్యూటర్లోకి వస్తుంది. అందుకే దాన్ని ప్రింట్ సర్వర్ అంటారు. అందులో స్పూలరని ఒకడు కూర్చుంటాడు. వచ్చినవాళ్లందర్నీ లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకర్ని మిషను దగ్గరికి సాగనంపుతాడు. పెళ్లిలో భోజనాల దగ్గర నిలబడే మేనమామ. వాడు పడకేస్తే ఇంటిల్లిపాదీ పస్తు. అప్పుడు వాణ్ణి ఆపి మళ్లీ లేపాలి.

వాడు కూర్చోబెట్టిన వరసే క్యూ. బంతి భోజనం అనుకో. ముందు కూర్చున్నవాడి ఇస్తట్లో ఏదో తక్కువైందని వాడు చెయ్యి ఆపేస్తే, వెనక బంతి వాళ్లందరూ గుమ్మంలో నిలబడాలి. అలాంటప్పుడు మూడు దారులు. వాడికి కావాల్సింది తెచ్చి వడ్డించడం. లేదా క్యాన్సిల్ కొట్టి లేపెయ్యడం. లేదా కాస్త ఆగండి బాబూ అని పాజ్ చెయ్యడం.

పోర్టు అంటే రేవు. క్యూలో కాగితాలు ఏ రేవులో దిగాలో ఆ రేవు పేరు నీ కంప్యూటర్లో రాసి ఉంటుంది. గోదావరి దాటించే పంటు మీదెక్కిన బండ్లు ఏ ఒడ్డున దిగేదీ పంటు నడిపేవాడి చేతిలో ఉన్నట్టు, రేవు మార్చడం నీ చేతిలో ఉంది. నా చేతిలో లేదు. రాజోలు క్యూ నాకిక్కడ కనబడదు.

డ్రైవరు సంగతి నువ్వే చెప్పాలి. మస్కట్లో బతికినదానివి, ఆలోచించు.

గంగబాబు

*

రాజోలు,
జూలై నెల.

బావగారికి నమస్కారాలు.

ఆలోచించేను. మా మేడమ్ గారు అరబ్బీలో చెప్పేవారు. నాకు ముక్క అర్థమయ్యేది కాదు. పక్కన కేరళ ఆవిడ ఒకామె దాన్ని హిందీలోకి తిప్పి చెబితే నేను పని చేసేదాన్ని. ఆవిడ సెలవు పెట్టిన రోజున మేడమ్ గారు ఉప్పు అడిగితే నేను దుప్పటి ఇచ్చేను. కంప్యూటరుకీ మిషనుకీ మధ్య ఆ కేరళ ఆవిడే డ్రైవరు. ఆవిడ లేకపోయినా, వేరే మిషనుకి సంబంధించిన ఆవిడొచ్చినా, కాగితం మీద పిచ్చి గీతలొస్తాయి. సరేనాండీ?

మీ మాటలు నాకు కల్లోకొస్తున్నాయి. నిన్న గుళ్లో ప్రసాదం దగ్గర వరసలో నిలబడి, ముందున్నాయన చిల్లర వెతుక్కుంటుంటే, ఈయన్ని పాజ్ చేస్తే బాగుణ్ణు అనుకున్నాను.

అసలు కబురు. ఏజెంటుకి రానని చెప్పేసేను. పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి అక్షయకి చెబితే అది పుస్తకంలోంచి తలెత్తి, "అయితే మీరింక వెళ్లరా" అంది. వెళ్లనన్నాను. పుస్తకం మూసి, నా చీర తెచ్చి మడత పెట్టడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ నా బట్టలు నా సూట్‌కేసులోనే ఉండేవండి. అది బీరువాలో పెట్టింది.

రామ్మూర్తి గారు నాకు పంపేముందే ఆ దండోరాకి జిరాక్సు తీసి తమ నోటీసుబోర్డుకి అంటించేరంట. ఉడతల ముక్క కత్తిరించేసి.

సూర్యకుమారి

*

అమలాపురం,
ఆగస్టు నెల.

సూర్యకుమారికి,

ఏజెంటుకి అంత తొందరగా ఎందుకు చెప్పేవు? మూడు నెలలు పూర్తి కానివ్వాల్సింది. నన్నొక మాట అడగాల్సింది. మళ్లీ వెళ్లి మాట్లాడితే వీసా సంగతి కుదురుతుందేమో కనుక్కో.

డ్రైవరు గురించి రాసింది సరిగ్గా ఉంది.

గంగబాబు

*

రాజోలు,
ఆగస్టు నెల.

బావగారికి నమస్కారాలు.

ఇది చేత్తో రాస్తున్నాను, వ్యానులో పంపిస్తాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

మీ ఉత్తరంలో ఒక్క వెటకారమూ లేదు. జ్వరమొచ్చిందేమోనని అక్కకి ఫోను చేసేను. "జ్వరం లేదు, మీ బావ రెండ్రోజులుగా పెరట్లో కొబ్బరిచెట్టుని చూస్తూ కూర్చుంటున్నారు" అంది. పరీక్షలో నెగ్గుతానన్న నమ్మకం మీకు లేదని అర్థమైంది. ఉండనివ్వండి.

ఇవాళ సంగతి. మన ప్రెసిడెంటు వీరవెంకటసత్యనారాయణ గారి మనవరాలి పెళ్లి కదండీ. పొద్దున్నే ఇక్కడికొచ్చి, పంతులు గారు రాసిచ్చిన లగ్నపత్రిక దగ్గరుండి టైపు చేయించి, మందం అట్టకాగితం మీద రావాలని చెప్పి, ప్రింటు కొట్టించి, తాంబూలాల సామాన్లకి బజారుకెళ్లేరు. మా దగ్గర ఆ అట్టలు లేవు. మిషనేమో అట్ట పెట్టండి, అట్ట పెట్టండి అని ఎర్రదీపం వేసుకుని కూర్చుంది.

పెద్దాయన పత్రిక బంతిలో మొదటి ఇస్తరి ముందు కూర్చుంది. వెనక వేబిల్లులన్నీ నిలబడ్డాయి. బయట కాయల లారీలు లోడెత్తుకుని ఉన్నాయి. బిల్లు లేనిదే కదలవు. డ్రైవర్లు లోపలికొచ్చి అడుగుతున్నారు. మామూలు కాగితం పెట్టెయ్యమని ఒకరన్నారు. "ప్రెసిడెంటు గారింటి లగ్నపత్రిక పల్చటి కాగితం మీద ఇస్తామాండీ, పరువు గాదూ" అన్నారు ఇంకొకరు. పోనీ క్యాన్సిల్ కొట్టెయ్యనా అన్నాను. అందరూ నా వైపు ఎలా చూసేరంటే, పెళ్లిపందిట్లో తుమ్మినట్టు. "లగ్నపత్రిక మీద క్యాన్సిల్ అని నొక్కుతామా అమ్మా, చెయ్యెలా వస్తుంది" అన్నారు మేనేజరు గారు. నాకూ రాలేదండి. బాణం గుర్తు ఆ మాట మీదకెళ్లి ఆగిపోయింది.

ఆయనకి ఫోను చేయమంటే, "శుభమా అని ఆయన పసుపుకుంకాలు కొంటుంటే పత్రిక ఆగిపోయిందని చెప్పే నోరు ఎవరికుందండీ" అన్నారు. అదీ నిజమే.

ఇక్కడి దాకా రాసి ఆపేను. ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.

మీరు చెప్పిన మూడు దారుల్లో ఒకటీ పనికిరాలేదు. అప్పుడు తోచింది. ఆ పత్రిక అసలు చేరాల్సిందెక్కడికి? కొత్తపేటకి. మగపెళ్లివారు అక్కడే. సాయంత్రం పెద్దాయన అక్కడికే పట్టుకెళ్లాలి. కొత్తపేట ఆఫీసులో సభ్యత్వం కార్డులకని అట్టకాగితం దస్తాలున్నాయి. మిషను కూడా మాలాంటిదే, కాబట్టి కేరళ ఆవిడ పేచీ లేదు.

వెనకున్న వేబిల్లులన్నిటినీ పాజ్ చేసేను. మా మిషను ఆపి మళ్లీ వేసేను, ఎర్రదీపం పోయింది. క్యూ రేవు కొత్తపేట నంబరుకి మార్చి, పత్రికని మొదట్నుంచి మళ్లీ బయల్దేరమన్నాను. అక్కడి అమ్మాయికి ఫోను చేసి అట్ట పెట్టమన్నాను. "వచ్చిందండీ, ఎంత బాగా వచ్చిందో" అంది. మూలలకి పసుపు రాసి పళ్లెంలో పెట్టి ఉంచమన్నాను. రేవు మళ్లీ రాజోలుకి మార్చి వేబిల్లుల్ని వదిలేను. లారీలు కదిలేయి. పత్రిక కొత్తపేట ఆఫీసులోనే సిద్ధంగా ఉందని పెద్దాయనకి బజారుకి కబురు పంపేం.

పెద్దాయన్ని లేపలేదు. పక్క పందిట్లో కూర్చోబెట్టేను, అంతే.

ఇప్పుడు మాత్రం బయట కారు చప్పుడైతే చాలు, తలెత్తి చూస్తున్నాను. ఆయన్ని అడక్కుండా ఆయన కాగితాన్ని ఊరు దాటించేను.

సూర్యకుమారి

*

అమలాపురం,
ఆగస్టు నెల.

సూర్యకుమారికి,

వ్యాను అబ్బాయిని నిలబెట్టి రాస్తున్నాను. నువ్వు చేసింది నేను నేర్పింది కాదు. రేవు మార్చొచ్చని చెప్పేనే గానీ ఏ రేవుకో, ఎందుకో నువ్వు పట్టుకున్నావు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. పెద్దాయన వచ్చి ఎవరు చేసేరని అడిగితే అమలాపురం గంగబాబు చెయ్యమన్నాడండి అను. తిడితే నన్ను తిడతారు, నాకు అలవాటే. ఇంకోటి. నువ్వేం పని చేస్తావని అడిగితే చీటీలు టైపు చేస్తానండి అను. ఆ పెద్ద పేరు ఆయన ముందు వాడకు. ఎందుకని అడక్కు.

గంగబాబు

*

రాజోలు,
సెప్టెంబరు నెల.

బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పిన రెండు మాటల్లో ఒక్కటీ వినలేదు. క్షమించాలి.

పెద్దాయన నిన్న వచ్చేరు. మీ సెక్రటరీ క్రాంతికుమార్ గారు కూడా అమలాపురం నుంచి కారులో వెంట వచ్చేరు. మేమందరం లేచి నిలబడ్డాం. పెద్దాయన కుర్చీలో కూర్చుని, కర్ర పక్కన పెట్టి, మెల్లగా అడిగేరు.

"కొత్తపేట వెళ్లేసరికి మా పత్రిక పళ్లెంలో పెట్టి ఉందండి. మగపెళ్లివారు అబ్బో అన్నారు. ఎవరండీ ఆ పని చేసింది?"

మేనేజరు గారు నేల చూసేరు. మంచికో చెడుకో తెలియదు కదండీ. మీ పేరు నోటి దాకా వచ్చింది. మింగేసేను.

"నేనేనండి" అన్నాను.

"క్యాన్సిల్ కొట్టమని ఎవరూ చెప్పలేదామ్మా?"

"చేతులు రాలేదండి."

ఆయన తలూపి, "ఇక్కడేం చేస్తుంటావమ్మా నువ్వు?" అన్నారు.

చీటీలు టైపు చేస్తానండి అనొచ్చు. మూడు నెలలు రాత్రీ పగలూ వల్లె వేసినదాన్ని అలా ఎందుకనాలి? "నెట్‌వర్క్ ప్రింటర్ల పర్యవేక్షణాధికారిణినండి" అన్నాను. ఒక్క అక్షరం తడబడలేదు.

ఆయన సెక్రటరీ గారి వైపు తిరిగి, "అలాంటి ఉద్యోగం ఒకటుందాండీ మన దగ్గర? నాకు గుర్తు లేదు" అన్నారు.

సెక్రటరీ గారు ఫ్యాను వైపు చూసేరు. నా వైపు చూసేరు. పెద్దాయన మొహంలో సంతోషం చూసేరు. "ఆయ్. ఉందండి. పి.గన్నవరంలో నోటీసు కూడా పెట్టేరండి" అన్నారు.

"మరి ఈ అమ్మాయికి ఆర్డరు కాగితం ఇచ్చేరా?"

"ఆయ్. ఇచ్చేస్తామండి."

"ఇవాళే ఇచ్చెయ్యండి. మంచి రోజు."

అంతే బావగారూ. పరీక్ష అయిపోయింది. ఎవరూ ఒక్క మాటకీ అర్థం అడగలేదు. స్పూలరూ లేదు, స్టాటిక్కూ లేదు.

ఇంటికెళ్లి చెప్పేను. అక్షయ విని, "నువ్వు ఆయన ముందు అంత పొడుగు మాట అనేసేవా" అంది. "మీరు" అనే మాట ఎప్పుడు పోయిందో దానికీ తెలియలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

ఒక్కటే అర్థం కాలేదండి. ఆ ఉద్యోగం పేరు వినగానే సెక్రటరీ గారు మొదటిసారి విన్నట్టు మొహం పెట్టేరెందుకు?

సూర్యకుమారి

*

అమలాపురం,
సెప్టెంబరు నెల.

చిరంజీవి సూర్యకుమారి గారికి,

ఇందుమూలంగా కాకులకూ, కుక్కలకూ, పి.గన్నవరం నోటీసుబోర్డు నుంచి అన్యాయంగా కత్తిరింపబడిన ఉడతలకూ తెలియజేయడమేమనగా: మీ ఆర్డరు నా మిషనులోంచే వచ్చింది. సెక్రటరీ గారు సంతకం పెట్టేటప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. సంతకం పెట్టి, కలం మూసి, "గంగబాబు గారూ, ఈ పదవి ఎప్పుడు పుట్టిందండీ" అన్నారు. "పుట్టినప్పుడు తమరు సెలవులో ఉన్నారండి" అన్నాను. "ఆయ్" అన్నారు. మన ఊళ్లల్లో ఆ ముక్క ఎన్ని కాపురాలు నిలబెట్టిందో ఎవరూ రాయలేదు.

పెద్దవాళ్ల కాగితం మీద చెయ్యి వెయ్యడానికి జంకే జనమే, పెద్దవాళ్ల మాటకి లేదండి అనడానికీ జంకుతారు. మొదటిదాని వల్ల లారీలు ఆగేయి. రెండోదాని వల్ల నీ పని జరిగింది. నేనేమీ చెయ్యలేదు.

మీ అక్క పనసపొట్టు ఆవకాయ పంపిస్తోంది. అక్షయకి చెప్పు, ఇంకోసారి నిన్ను "మీరు" అందంటే దాని పేరు మీద కూడా దండోరా వేస్తాను.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. ఇన్నాళ్లూ దాచేను. నేను ఆ దండోరా రాసిన రోజు ఏం జరిగిందంటే, రాజమండ్రి ఇంజనీరు బిగింపు పూర్తిచేసి, ఎక్కడికైనా ఓ కాగితం కొట్టి చూడమన్నాడు. ఏం కొట్టాలో తోచక, చేతిలో టీ గ్లాసుతో, నిన్ను ఓ వారం ఏడిపిద్దామని ఆ నాలుగు ముక్కలూ టైపు చేసేను. వారం అయ్యాక వేళాకోళమని చెప్పేసి నవ్వుకుందామనుకున్నాను. ఈలోపు అది దారి తప్పి నోటీసుబోర్డెక్కింది. నువ్వేమో పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నావు. ఆ ఉత్తరం చదివిన రోజు నుంచీ సెక్రటరీ గారి గదిలోకి చెప్పేద్దామని వెళ్లడం, టోనరు పొడి అయిపోయిందండి అని చెప్పి బయటికి రావడం, ఇదే పనైపోయింది. ఆయన నెల రోజుల్లో కొన్న టోనరు ఏడాదికి సరిపోతుంది.

ఆ దండోరాలో తాడు నిజం. మిషన్లు నిజం. నీ పేరు నిజం. స్పూలరూ, క్యూ, పోర్టూ, డ్రైవరూ అన్నీ ఇంజనీరు చెప్పినవే, ఒక్కటీ అబద్ధం కాదు.

నెట్‌వర్క్ ప్రింటర్ల పర్యవేక్షణాధికారిణి అనే ఉద్యోగం, దానికి మూడు నెలల పరీక్ష, ఆ రోజుకి ఈ భూమ్మీద ఎక్కడా లేవు. నేను కల్పించేను.

మీ బావ,
గంగబాబు